పనిచేసే చేతికి గడియారం



చేతివాచీ అనగానే మనలో చాలామందికి పెళ్ళిసందడే గుర్తుకొస్తుంది. బీరువాలో వెల్వెట్టు పెట్టెలో దాచుకుని, పేరంటాలకి పట్టుచీర మీదికి తీసి పెట్టుకునే వాచీ మనందరికీ తెలుసు. ఈవేళ నేను చెప్పబోయేది ఆ వాచీ సంగతి కాదు. పొద్దున్నే కొళాయి కింద బిందె పెట్టినప్పటినుంచి రాత్రి గిన్నెలు బోర్లించేదాకా చేతినుంచి తియ్యనక్కర్లేని వాచీ సంగతి. నీళ్ళు చిమ్మినా, సబ్బునురుగు తగిలినా, రుబ్బురోటి అంచుకి కొట్టుకున్నా, బస్సులో కడ్డీకి రాసుకున్నా తన పని తాను చేసుకుపోయే వాచీ. ధర కూడా ఇంటిఖర్చులో మనం మిగుల్చుకున్న డబ్బుకి అందేదిగా ఉండాలి. అలాంటి వస్తువు మనకి ఎప్పుడు దొరికింది, ఎవరు చేశారు, తర్వాత ఏమయింది, ఇప్పుడు కొనాలంటే ఏం చూసుకోవాలి అన్నది ముచ్చటించుకుందాం.

"ఫోనులో టైము కనిపిస్తుంటే వాచీ ఎందుకమ్మా" అని మీ పిల్లలు అడుగుతారని నాకు తెలుసు. హిందూపురం చుట్టుపక్కల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకి పోయే ఆడపిల్లల్ని అడిగి చూడండి. మిషను దగ్గరికి ఫోను రానివ్వని చోట్లున్నాయి. అక్కడ అన్నానికి ఎంత టైముంది, షిఫ్టు బస్సుకి ఎంత టైముంది అన్నది చేతి మీదే చూసుకోవాలి. ఆస్పత్రిలో నర్సమ్మ రోగి నాడి పట్టుకుని సెకండ్ల ముల్లు చూస్తూ లెక్కపెడుతుంది గదా, ఆమెకి ఫోను పనికిరాదు. చేతులు పిండిలోనో, చాకిరేవు నీళ్ళలోనో ఉన్నప్పుడు మనకీ పనికిరాదు.

అసలు మన దగ్గర కాలాన్ని కొలిచే తీరే వేరుగా ఉండేది. గడియారం అన్న మాటలోనే గడియ ఉంది. పగలూ రాత్రీ కలిపి అరవై గడియలు, ఒక్కో గడియ ఇరవైనాలుగు నిమిషాలు. అడుగున సన్నని బెజ్జమున్న రాగిగిన్నెని నీళ్ళ మీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ అయ్యేది. ఇక ఇళ్ళలో ఆడవాళ్ళకి గిన్నె కూడా లేదు. గడపమీది నీడ ఎక్కడికొచ్చిందో చూసుకునేవాళ్ళు, కోడికూతా, వేగుచుక్కా చూసుకునేవాళ్ళు. ధర్మవరంలో పట్టుమగ్గాల ఇళ్ళలో కండెలు చుట్టే అమ్మలు ఎన్ని కండెలయ్యాయో దాన్నిబట్టే పొద్దు చెప్పేవాళ్ళు. అందులో తప్పేమీ లేదు. ఆ పనికి ఆ లెక్క సరిపోయేది.

ఆ లెక్కని మార్చింది రైలు. బెంగుళూరు నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మీదుగా గుంతకల్లు పోయే మీటరు గేజి దారి 1890ల మొదట్లో పడింది. నీడ చూసుకుని పోతే రైలు ఆగదు గదా. అందులోనూ ఒక తమాషా ఉంది. ఆ రోజుల్లో రైళ్ళు నడిచింది మద్రాసు టైము మీద. మద్రాసు నక్షత్రశాలలో లెక్కకట్టిన టైముని తంతి ద్వారా స్టేషన్లకి పంపేవాళ్ళు. మద్రాసులో సూర్యుడు నడినెత్తికి వచ్చిన తర్వాత పదకొండు నిమిషాలకిగానీ హిందూపురంలో నడినెత్తికి రాడు. అంటే ఊరి మధ్యాహ్నం ఒకటి, స్టేషను మధ్యాహ్నం ఒకటి! 1906 జనవరి 1నుంచి దేశానికంతా ఒకే టైము అన్నారు. అది మన కాకినాడకి దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖని బట్టి పెట్టింది. దాంతో స్టేషను గడియారం ఇంకో తొమ్మిది నిమిషాలు ముందుకి జరిగింది. ఇప్పటికీ హిందూపురంలో సూర్యుడు నెత్తిమీదికి వచ్చేది పన్నెండింటికి కాదు, సగటున పన్నెండూ ఇరవైకి. మన అవ్వల నీడలెక్కకీ గోడగడియారానికీ పొత్తు కుదరలేదంటే ఆ తప్పు అవ్వలది కాదన్నమాట.

స్టేషను మాస్టరుకి, గార్డుకి జేబు గడియారం ఉండేది. మామూలు సంసారికి ఎక్కడిది? గొలుసు కట్టి జేబులో వేసుకునే ఆ గడియారం జమీందార్లకీ, వకీళ్ళకీ, పెద్ద ఉద్యోగస్తులకీ దర్జా. మద్రాసు మౌంటురోడ్డులో పి. ఆర్ అండ్ సన్స్ వారి దుకాణం మెట్లెక్కడమే ఒక గొప్ప.

మరి చేతికి కట్టుకునే వాచీ? ఇది మొదట ఆడవాళ్ళ వస్తువు. చాలామందికి తెలియని సంగతి. ఐరోపాలో ధనిక స్త్రీలు కంకణంలో చిన్న గడియారం బిగించుకునేవాళ్ళు. 1868లో పటేక్ ఫిలిప్ అనే స్విట్జర్లాండు కంపెనీ హంగరీ దొరసాని ఒకామెకి అలాంటిది చేసిచ్చింది. మగవాళ్ళు దాన్ని చూసి నవ్వేవాళ్ళు, గాజుల్లా ఇదేమిటని. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో పడుకుని ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో జేబులోంచి గడియారం తియ్యడం కుదరక, చేతికి కట్టుకోక తప్పలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి అది మగవాళ్ళ వస్తువైపోయింది. ఆ తర్వాత మనకి మిగిల్చింది బఠాణీగింజంత చిన్న డయలున్న "లేడీస్ వాచీ". దాని సంగతి మళ్ళీ చెబుతాను.

నీళ్ళకి తట్టుకునే వాచీని లోకానికి నమ్మించింది కూడా ఒక స్త్రీయే. మెర్సిడీస్ గ్లైట్జ్ అని లండనులో టైపిస్టుగా పనిచేసే అమ్మాయి. 1927 అక్టోబరులో ఇంగ్లీషు ఛానెల్ ఈదింది, ఈదిన తొలి బ్రిటిష్ మహిళ ఆమే. అది నిజం కాదని గొడవ లేస్తే, రెండువారాలకే మళ్ళీ ఆ చలినీళ్ళలో దిగింది. ఆ రెండోసారి రోలెక్స్ వారి ఆయిస్టర్ వాచీ మెళ్ళో వేలాడదీసుకుంది. పదిగంటలకి పైగా ఈది, చలికి ఇక శక్తి చాలక పడవలోకి ఎక్కించుకోవలసి వచ్చింది. ఆమె ఆగిపోయిందిగానీ వాచీ ఆగలేదు. మరుసటి నెలలో ఆ కంపెనీ పత్రికలో మొదటి పేజీ ప్రకటన వేయించుకుంది.

రోలెక్సు మనకెందుకు, మన స్తోమతు చెప్పండి అంటారా? పేదవాడికి వాచీ చెయ్యాలన్న ఆలోచన కూడా పాతదే. జార్జి ఫ్రెడరిక్ రోస్కాఫ్ అనే ఆయన 1867లో స్విట్జర్లాండులో ఇరవై ఫ్రాంకులకి ఒక గడియారం చేశాడు. కష్టజీవి గడియారం అన్న అర్థం వచ్చేటట్టు "ప్రొలెటేర్" అని దానికి పేరు. మామూలు గడియారంలో నూరుకి పైబడి భాగాలుంటే, ఆయన యాభైయేడుతో సరిపెట్టాడు. నగిషీలు లేవు, బంగారం లేదు. తోటివాళ్ళు సహకరించలేదు, ఇలాంటి చవకసరుకు తమ పరువు తీస్తుందని. నా దృష్టిలో గడియారాల చరిత్రలో రాజులకి చేసిన వజ్రాల వాచీలకన్నా ఈ యాభైయేడు ముక్కల గడియారమే గొప్పది.

మన దేశానికి వద్దాం. ఫావ్రే ల్యూబా కంపెనీ 1865 నుంచే బొంబాయిలో వ్యాపారం చేసింది. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ అని ఇంకొకటి, "సోవార్" పేరుతో గట్టి వాచీలు అమ్మింది. సోవార్ అంటే గుర్రపు రౌతు. పట్టాళంలో పనిచేసి వచ్చిన తాతల చేతులకి ఇవి కనిపించేవి. అన్నీ దిగుమతి సరుకే. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ ద్రవ్యం కరువై దిగుమతుల మీద కట్టుబాట్లు వచ్చాయి. అప్పుడు వాచీ రావడానికి రెండే దారులు: లైసెన్సు మీద వచ్చే కొద్ది సరుకు, లేకపోతే దొంగరవాణా. బజారులో ఎవరో చాటుగా జేబులోంచి తీసి చూపించేవాడు, "అసలు ఫారిన్" అని. లోపలి యంత్రం ఏమిటో కొన్నవాడికి తెలిసేది కాదు.

సరిగ్గా ఈ సందర్భంలో హిందూపురానికి నూరు కిలోమీటర్ల దూరంలో, బెంగుళూరులో, ఒక పని జరిగింది. యంత్రాలు చేసే యంత్రాల కోసం 1953లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందూస్తాన్ మెషిన్ టూల్స్, అదే హెచ్.ఎం.టి., 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీల ఫ్యాక్టరీ తెరిచింది. మొదటి వాచీలని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. మొదట్లో భాగాలు జపాను నుంచి తెచ్చి ఇక్కడ కూర్చేవాళ్ళు, రానురాను ఇక్కడే తయారు చెయ్యడం నేర్చారు. వెంట్రుకలాంటి మరలని చిమటాతో పట్టి కూర్చే హాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది పనిచేశారు. కంటికి భూతద్దం పెట్టుకుని వరసగా కూర్చున్న ఆ అమ్మాయిల ఫోటోలు మీరు చూసే ఉంటారు. ముగ్గుచుక్క తప్పకుండా పెట్టే చేతికి ఆ పని ఎంతలే అనిపిస్తుంది నాకు.

అక్కడినుంచి వచ్చినవాటిలో "జనతా" అన్న వాచీ ఉంది చూశారూ, మన ఈ వేళ్టి కథకి అదే కథానాయకుడు. పేరులోనే ఉంది ఎవరికోసమో. తెల్లని డయలు, స్పష్టమైన అంకెలు, రోజుకోసారి కీ ఇచ్చుకోవాలి. డయలు మీద "17 జ్యూయెల్స్, పారాషాక్" అని రాసుంటుంది. ఆ రెండు మాటల అర్థం తెలిస్తే ఏ వాచీ అయినా మీరే బేరమాడగలరు. కాస్త ఓపిగ్గా వినండి.

జ్యూయెల్స్ అంటే నగల్లో పొదిగే మణులు కావు, అమ్మితే ఏమీ రాదు. లోపలి చక్రాల ఇరుసులు తిరిగేచోట ఇత్తడి ఉంటే అరిగిపోతుంది. అందుకని కృత్రిమంగా చేసిన కెంపు గింజకి బెజ్జం వేసి అక్కడ పెడతారు. కెంపు అరగదు. జనతా లాంటి వాచీలో బాలెన్సు చక్రం గంటకి పద్ధెనిమిది వేలసార్లు, అంటే సెకనుకి అయిదుసార్లు కొట్టుకుంటుంది. రోజుకి నాలుగులక్షల ముప్ఫైరెండు వేల సార్లు. మన రోకలిపోటు ఎన్నిసార్లు పడితే రోలు అరుగుతుందో మనకి తెలుసు గదా. కాబట్టి కీ ఇచ్చే మామూలు వాచీకి పదిహేడు కెంపులుంటే చాలు. ఇంకా ఎక్కువ ఉన్నాయని గొప్పలు చెబితే డబ్బు పెంచడానికే అనుకోవచ్చు.

ఇక పారాషాక్. ఆ బాలెన్సు చక్రం ఇరుసు కొన వెంట్రుకంత సన్నం. వాచీ జారి కింద పడితే మొదట విరిగేది అదే. మన ఇళ్ళలో ఉండేవి నాపరాతి బండలాయె! దీనికి ఉపాయమేమిటంటే, ఆ చివరి కెంపుని గట్టిగా బిగించెయ్యకుండా సన్నని స్ప్రింగు మీద కూర్చోబెడతారు. దెబ్బ తగిలితే కెంపు కొంచెం జరిగి మళ్ళీ తన చోటికి వస్తుంది, ఇరుసు బతుకుతుంది. స్విట్జర్లాండువారు దీన్నే 1930లలో ఇన్‌కాబ్లాక్ పేరుతో తెచ్చారు. సిటిజన్ వారిది పారాషాక్, 1956 నాటిది. ఈ ఏర్పాటు లేని పాత వాచీ ఎంత అందంగా ఉన్నా అల్మారాలో పెట్టుకోవలసిందే, పనిలోకి తీసుకుపోకూడదు.

మా అమ్మ పెనుకొండలో ప్రైమరీ స్కూలు టీచరు. కొండకింద ఊరు, ఎండలో నడక, బడిలో సుద్దపొడి, ఇంటికొస్తే బావినీళ్ళు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఎవరో మోజుపడి కొనిచ్చిన చిన్న లేడీస్ వాచీ ఆమె చేతికి ఏడాదిలో మూడుసార్లు ఆగింది. అప్పుడు నాన్న పాత జనతాకి నైలాను పట్టీ వేయించుకుని అదే కట్టుకుంది. బడిపిల్లలు చాటుగా "మగవాచీ టీచరమ్మ" అనేవాళ్ళు. బంధువులు ముఖానే అనేవాళ్ళు, అంత పెద్ద వాచీ ఏం బాగుంది, ఇంకోటి కొనుక్కోరాదా అని. బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసే సాయిబు ఒకడే ఆమె పక్షం. "ఆడోళ్ళ వాచీ చూసేకి బాగుంటాదక్కా, నడిచేకి ఇదే బాగుంటాది" అన్నాడు. అతను చెప్పినదాంట్లో శాస్త్రముంది. బాలెన్సు చక్రం చిన్నదయ్యేకొద్దీ చిన్న కుదుపుకి కూడా దాని లెక్క తప్పుతుంది. చిన్న యంత్రంలో నూనె తక్కువ, త్వరగా ఎండిపోతుంది. హెచ్.ఎం.టి. వారు మనకోసం "సుజాత" అని చేశారు, ముచ్చటైనదే, నేను కాదనను. కాని రోజుపనికి మగవాళ్ళ సైజు వాచీయే మేలని నా అభిప్రాయం. గాజులకి అడ్డమనిపిస్తే ఆ చేతికి గాజులు తగ్గించుకోండి. అందరూ ఒప్పుకోకపోవచ్చు.

జనతా అందరికీ సులభంగా దొరికిందనుకుంటే పొరపాటు. గిరాకీకి సరిపడా సరుకు ఉండేది కాదు. పేరు రాయించుకుని ఎదురుచూడాలి, లేదా బెంగుళూరులో తెలిసినవాళ్ళు ఉండాలి. ఈ రైలుదారి మీది ఊళ్ళవాళ్ళకి ఆ విషయంలో కొంత సదుపాయం, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. తర్వాత 1978లో తుమకూరులో ఇంకో ఫ్యాక్టరీ వచ్చింది, మధుగిరి మీదుగా పోతే అదీ మనకి దగ్గరే.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పాలి. 1961 జూలై 1న వరకట్న నిషేధ చట్టం అమల్లోకి వచ్చింది. మన దేశపు వాచీ పుట్టిన సంవత్సరమే! చట్టం ఒక దారిన పోయింది, వాచీ ఇంకో దారిన పోయింది. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో అన్న మాట ఊరూరా స్థిరపడిపోయింది. కట్నం కాదు, బహుమతి అని పేరు. హెచ్.ఎం.టి.లో "కాంచన్" అన్న బంగారుపూత మోడలుకి పెళ్ళిగిరాకీ ఎంతగా వచ్చిందంటే, అసలు ధరమీద పైడబ్బు ఇచ్చిగాని దొరికేది కాదు. పిల్ల తండ్రి అప్పు చేసి అల్లుడి చేతికి కట్టిన వాచీ ఆ అల్లుడు టైముకి పనికిపోవడానికి ఎంత ఉపయోగపడిందో మీకే తెలుసు. అదే డబ్బుతో పిల్లకి ఒక జనతా కొని, టీచరు ట్రైనింగుకి పంపిన ఇళ్ళు కూడా ఉన్నాయి, తక్కువే అయినా.

మళ్ళీ వంటింట్లోకి వద్దాం. మోటుపని అనగానే మగవాళ్ళ పని అనుకుంటారుగానీ, వాచీకి వంటిల్లుని మించిన పరీక్ష లేదు. ఆవిరి, వేడినీళ్ళు, చింతపండు పులుపు, ఉప్పు, చెమట. నీళ్ళు లోపలికి పోయే దారులు మూడే: వెనకమూత, అద్దం అంచు, కీ ఇచ్చే బొడిపె. చాలా పాత వాచీలకి బొడిపె దగ్గర రబ్బరు వలయం ఉండదు, ఉన్నా ఏళ్ళు గడిస్తే బిరుసెక్కి పగులుతుంది. "30 మీటర్లు" అని రాసున్న వాచీతో ముప్ఫైమీటర్ల లోతుకి దిగవచ్చని అనుకోకండి. చేతులు కడుక్కుంటే ఫరవాలేదు అన్నంతవరకే దాని అర్థం. బట్టలు ఉతకడం, బిందెలు తోమడం చేసేవాళ్ళు 50 మీటర్లు, వీలైతే 100 మీటర్లు అన్నది తీసుకోవాలి. అద్దం లోపల మసకగా ఆవిరి కనిపిస్తే రేపు ఎల్లుండి అనకుండా ఆరోజే విప్పించాలి. ఒక్కరాత్రి ఆగితే హెయిర్ స్ప్రింగుకి తుప్పు మొదలవుతుంది.

కేసు సంగతి కూడా అంతే ముఖ్యం. చవకవాచీలకి ఇత్తడి మీద క్రోమియం పూత ఉంటుంది. ఎండకి చెమట పట్టే మన సీమలో కొన్నేళ్ళకే ఆ పూత మచ్చలుగా లేచి, కింద ఇత్తడి పచ్చబారి, చర్మానికి దురద కూడా పెడుతుంది. మూత మీద "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే వెనకమూత ఒక్కటే స్టీలు అని అర్థం, కేసంతా కాదు. దుకాణదారు ఆ మాట చూపించి అంతా స్టీలే అంటాడు, నవ్వి ఊరుకోండి. అద్దం ప్లాస్టిక్కుదైతే గీతలు పడుతుంది కాని పగలదు, పళ్ళపేస్టు రాసి మెత్తని గుడ్డతో రుద్దితే సన్నగీతలు పోతాయి. గాజుదైతే గీతలు తక్కువ, రోటిమీద కొడితే మాత్రం భళ్ళుమంటుంది. మాకు ప్లాస్టిక్కే నయమనిపించింది.

ఇంకొకటి చెప్పనా, రేడియో వినేవాళ్ళకి ప్రత్యేకంగా. వెనకటి రోజుల్లో రాత్రి వాచీ తీసి రేడియో పెట్టె మీద పెట్టి, పొద్దున వార్తలకి ముందు చెప్పే టైముకి ముల్లు సరిచేసుకునేవాళ్ళం. ఆ రేడియోలో స్పీకరుకి పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాని ప్రభావానికి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ తొందరగా నడుస్తుంది. ఏ రేడియో చూసి సరిచేసుకుంటున్నామో ఆ రేడియోయే దాన్ని చెడగొడుతోందన్నమాట! ఈ రోజుల్లో చేతిసంచీల మూతకి పెట్టే అయస్కాంతం, ఫోను కేసుకి ఉండే అయస్కాంతం అదే పని చేస్తాయి. వాచీ ఉన్నట్టుండి రోజుకి అయిదూ పదినిమిషాలు ముందుకి పోతుంటే రిపేరు ఖర్చు పెట్టేముందు అయస్కాంతం తీయించి చూడండి. నిమిషంలో అయిపోయే పని.

ఇంతలో లోకం మారింది. 1969 డిసెంబరు 25న జపానులో సీకో వారు క్వార్ట్జ్ చేతివాచీ అమ్మకానికి పెట్టారు. చిన్న స్ఫటికం ముక్క బ్యాటరీ కరెంటుతో సెకనుకి 32,768 సార్లు కంపించే పద్ధతి తర్వాత స్థిరపడింది. మంచి కీ వాచీ రోజుకి పావునిమిషమో అరనిమిషమో తేడా చూపిస్తే, ఇది నెలకి అంత చూపిస్తుంది. మన హైదరాబాదులో ఆల్విన్ కంపెనీ 1980లలో సీకో సహకారంతో వాచీలు చేసింది, మన రాష్ట్రపు వాచీ అని చాలామంది అభిమానంగా కట్టుకున్నారు. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి టైటాన్ పెట్టి, హోసూరులో ఫ్యాక్టరీ కట్టారు. 1987లో వాళ్ళ వాచీలు బజారుకి వచ్చాయి. వాళ్ళు క్వార్ట్జ్‌నే నమ్ముకున్నారు. హెచ్.ఎం.టి. కూడా క్వార్ట్జ్ చేసింది గాని, మనసంతా కీ వాచీ మీదే ఉండిపోయింది. కొత్త దుకాణాలు అద్దాలతో, దీపాలతో మెరుస్తుంటే పాత కౌంటర్లు వెలవెలబోయాయి. నష్టాలు ఏళ్ళతరబడి సాగి, 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకి ఆమోదం తెలిపింది. తుమకూరు ఫ్యాక్టరీ స్థలం ఇస్రోకి వెళ్ళింది. కొద్ది సంఖ్యలో హెచ్.ఎం.టి. పేరున్న వాచీలు ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. ఆల్విన్ వాచీలు మాత్రం కనుమరుగయ్యాయి.

ఇప్పుడు కొనాలంటే మాటేమిటి? నన్నడిగితే, మోజు కోసమైతే జనతా, ఒట్టి చాకిరీకైతే క్వార్ట్జ్. పెద్ద అంకెలు, సెకండ్ల ముల్లు, స్టీలు కేసు లేదా గట్టి ప్లాస్టిక్కు కేసు, 50 మీటర్ల హామీ, ఊళ్ళోనే సెల్లు మార్చించుకునే వీలు. సెల్లు అయిపోతే వాచీని అలాగే సొరుగులో పడెయ్యకండి, కారి యంత్రాన్ని తినేస్తుంది. తీయించి పెట్టండి. పట్టీ తోలుది వద్దు, మన చెమటకి ఆరునెలల్లో కంపుకొడుతుంది. నైలాను పట్టీ సబ్బుతో ఉతికి ఆరేసుకోవచ్చు, తక్కువ ఖర్చు. ముళ్ళకి బదులు అంకెలు కనిపించే ప్లాస్టిక్కు వాచీలున్నాయి, 1989 నుంచి వస్తున్న కేసియో ఎఫ్-91 లాంటివి. తేలిక, చవక, సెల్లు ఏళ్ళకేళ్ళు వస్తుంది. నాడి చూసే నర్సులకి మాత్రం ముల్లుదే అలవాటు.

పాత జనతా కొనాలని ముచ్చటపడేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇప్పుడు ఆన్‌లైనులో "పాత జనతా, కొత్తదానిలా ఉంది" అని తళతళలాడే ఎర్ర, ఆకుపచ్చ, నీలి డయళ్ళతో వస్తున్నవాటిలో ఎక్కువ భాగం మళ్ళీ రంగు వేసినవి. నాలుగు చచ్చిన వాచీల ముక్కలు కూర్చి ఒకటి చేసినవీ ఉంటాయి. అక్షరాలు పూసినట్టు లావుగా, వంకరగా ఉంటే అనుమానించండి. డయలు కొంచెం పసుపుబారి, అక్షరాలు సన్నగా నీటుగా ఉన్నదే నయం. దానికన్నా మంచిది, మీ ఇంట్లోనే ట్రంకుపెట్టె అడుగున మామగారిదో, పెద్దనాన్నదో ఒకటి ఉందేమో వెతకడం. దొరికితే వెంటనే కీ ఇచ్చేయకండి. ఏళ్ళ కిందటి నూనె జిగురైపోయి ఉంటుంది, అలా నడిపితే ఇరుసులు అరుగుతాయి. ముందు విప్పించి కడిగించి నూనె వేయించాలి. తర్వాత మూడు నాలుగేళ్ళకోసారి అలా చేయిస్తే చాలు. రోజూ ఒకే వేళకి, పొద్దున కాఫీ పెట్టేముందు అనుకోండి, చేతినుంచి తీసి కీ ఇవ్వాలి. చేతికుండగా ఇస్తే బొడిపె మీద పక్కబలం పడుతుంది.

ఎక్కడ చేయించాలంటారా? పెద్ద షోరూములవాళ్ళు చాలామంది ఈ పాతవాటిని ముట్టుకోరు. ధర్మవరంలోనో, హిందూపురంలోనో పాత బజారులో ఒక చిన్న బంకు, అద్దాల పెట్టె వెనక కంటికి భూతద్దం బిగించుకున్న పెద్దాయన ఉంటే ఆయన్ని అడగండి. ఆయన దగ్గర చాక్లెట్ల డబ్బాలో ఆగిపోయిన జనతాలు కొన్ని ఉంటాయి. మీ వాచీకి కావలసిన చక్రం వాటిలోంచే తీస్తాడు. పని ఎంతకి ఒప్పుకున్నాడో చీటీ మీద రాయించుకుని, మూత లోపలివైపు ఉన్న నంబరు కూడా ఆ చీటీలోనే వేయించుకుని రండి.